పలకలో పగులు ఇనపడతాంది

మార్కాపురం పలకల షెడ్లలో రాయి చీల్చే మనిషి ఉలి పెట్టే ముందు సుత్తితో ఒకసారి తట్టి చూస్తాడు. కంగుమంటే మంచి రాయి. డొల్లగా పలికితే లోపల పగులుందని పక్కన పడేస్తాడు. "పగులుందని ఎట్లా తెలిసింది?" అని ఒక పెద్దాయన్ని అడిగాను. "తెలిసేదేముంది సార్, ఇనపడతాంది గదా" అన్నాడు. శబ్దాన్ని బట్టి పగులుందనుకున్నానని అనలేదు. ఆయనకు పగులే వినపడింది.

సరిగ్గా దీని మీదే మన తార్కికులు తెగ వాదించుకున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివినవాళ్లకు కొండమీది పొగ గుర్తుండే ఉంటుంది. పొగ కంటికి కనపడింది, నిప్పు ఉందని తేల్చుకున్నాం. అది అనుమాన ప్రమాణం. ఆ లెక్కన డొల్ల శబ్దం పొగ, పగులు నిప్పు. కానీ నవ్యనైయాయికుల దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. దూరాన గంధపు చెక్కను చూడగానే అది పరిమళించే గంధమని తెలుస్తుంది. వాసన ముక్కుదాకా రానేలేదు. ఎప్పుడో తెలిసిన వాసన ఇప్పుడు చూపులో కలిసిపోయింది. దీనికి జ్ఞానలక్షణ ప్రత్యాసత్తి అని పేరుపెట్టి ప్రత్యక్షంలోనే జమకట్టారు. అద్వైతులు ఒప్పుకోలేదు. చెక్క మేరకే ప్రత్యక్షం, వాసన పరోక్షమేనని 'వేదాంత పరిభాష' అనే గ్రంథంలో ధర్మరాజాధ్వరీంద్రుడు తేల్చేశాడు.

నా ఓటు నైయాయికులకే, అదీ పెద్దాయన వరకే. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు తడతాడు, ఆగుతాడు, తల వంచి మళ్లీ తడతాడు, అప్పుడు చెబుతాడు. వాడిది అచ్చమైన అనుమానం. రాయి అదే, శబ్దమూ అదే. వాడి పొగ ఏ రోజు నుంచి గంధమవుతుందన్నదే నన్ను వదలని ప్రశ్న.

కంటి సంగతి ఇంకా చిక్కు. ఈ పలకరాయి, దగ్గర్లోని కంభం ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రంలోకెక్కిన రాతి వరుసలోది. వంద కోట్ల ఏళ్లు దాటిన బురద. ఆ బురద పేరుకున్న పొరలు ఒక్కోసారి చారలుగా కనపడతాయి. పలకరాయి చీలేది మాత్రం ఆ చారల వెంట కాకపోవచ్చు, తర్వాతెప్పుడో భూమి నొక్కిన తీరును బట్టి చీలుతుంది. కొత్త కన్ను చారనే నమ్ముతుంది. కుర్రాడు చార మీద ఉలి పెట్టబోతే పెద్దాయన ఏమీ చెప్పడు, వాడి మణికట్టు పట్టి పక్కకు జరుపుతాడు.

ధర్మరాజాధ్వరీంద్రుడు ఈ షెడ్డుకొస్తే కుర్రాణ్ణి చూపించి వాదన గెలుస్తాడు. నైయాయికులు పెద్దాయన్ని చూపిస్తారు. పెద్దాయనకు ఎవరు గెలిచినా ఒకటే, పొద్దుగూకేలోపు ముందున్న దిమ్మలు అయిపోవాలి.