సూట్‌కేసు సర్దని యాత్రావ్యాసాలు

మన అమెరికా తెలుగు సంఘాల ప్రత్యేక సంచికల్లో ఏది తిరగేసినా ఒక యాత్రావ్యాసం తప్పకుండా కనిపిస్తుంది. యూరప్ కావచ్చు, అలాస్కా కావచ్చు, ఈమధ్య ఐస్‌లాండు కూడా జాబితాలో చేరింది. రాసేవారు మారుతుంటారు గానీ వ్యాసం మాత్రం దాదాపు ఒకటే. మొదటి వాక్యంలో విమానం దిగుతుంది. రెండో పేరాలో హోటలు. మూడో పేరా నుంచి వరసగా చూడదగిన స్థలాలు. ఈఫిల్ టవర్ 1889లో పూర్తయిందని, పీసా గోపురం కట్టడం 1173లో మొదలైందని, వెనిస్‌లో వీధులకు బదులు కాలవలుంటాయని తెలుసుకుంటాం. చివర్లో అందరూ తీపి జ్ఞాపకాలతో క్షేమంగా ఇల్లు చేరతారు.

ఈ వ్యాసాలను పాతికేళ్ళుగా వదలకుండా చదువుతున్నవాణ్ణి కాబట్టి చనువు తీసుకుని అడుగుతున్నాను. వీళ్ళెవరూ ప్రయాణానికి ముందు ఏమీ చెయ్యరా? సెలవెన్ని రోజులు దొరికింది? ఇండియా వెళ్ళడానికి దాచుకున్న సెలవులోంచి కోసుకున్నదేనా? వీసా ఎలా వచ్చింది? డబ్బెంత అయింది? పెట్టె ఎవరు సర్దారు? రావాలనుకుని రాలేకపోయినవాళ్ళెవరు? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకదు. దిగిన తర్వాత కథే తప్ప, బయల్దేరక ముందు కథ లేదు.

ఇది చిన్న లోపమని నేననుకోను. గోపురాల ఎత్తులూ రాజుల పేర్లూ ఏ గైడుపుస్తకంలోనైనా ఉంటాయి. మనం తప్ప ఇంకెవరూ రాయలేనిది ఆ ముందు భాగమే. సరిగ్గా దాన్నే మనం కొట్టేస్తున్నాం.

తెలుగులో యాత్రాసాహిత్యం ఇలా మొదలుకాలేదు. ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' చదివినవారికి ఈ సంగతి తెలుసు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఉద్యోగానికి సెలవు పెట్టి 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. దారిలో రాసుకున్న సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గారు పోయాక పిళ్ళై గారే దాన్ని 1838లో అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించి మళ్ళీ వెలువరించారు.

ఆ పుస్తకంలో కాశీ ఉంది, గయ ఉంది, పూరీ ఉంది. కానీ వాటితో సమానంగా దారి ఉంది. ఈ మజిలీకీ ఆ మజిలీకీ దూరమెంత, బాట ఇసుకా రాయా, ఊళ్ళో నీళ్ళు ఎలాంటివి, దుకాణాలున్నాయా, దిగడానికి చోటుందా అని రోజురోజుకీ రాశారు. తర్వాత కాశీ వెళ్ళేవాడికి ఏం కావాలో ఆలోచించి రాశారు. ఆయన వెంట సుమారు వందమంది పరివారం ఉంది. వందమందికి నీళ్ళెక్కడ దొరుకుతాయన్నది ఆయనకు ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్న వల్లే, దాదాపు రెండువందల ఏళ్ళ తర్వాత చదువుతున్న మనకు కంపెనీ కాలంలో ఒక ఊరి బావి ఎలా ఉండేదో తెలుస్తోంది. గుళ్ళ వర్ణన మరెక్కడైనా దొరకవచ్చు. ఆ బావి మాత్రం ఆయన దగ్గరే దొరుకుతుంది.

అలాగని ఆయన రచనలో లోటు లేదని కాదు. పల్లకీ ఎక్కినవారి చేతిలోనే కలం ఉంది, మోసినవారి చేతిలో లేదు. వాళ్ళు రాసి ఉంటే అదే దారి మరోలా కనబడేది. అయినా తన ప్రయాణం ఎవరి భుజాల మీద, ఎంత ఏర్పాటు మీద సాగిందో ఆయన దాచలేదు. మనం దాస్తున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. మిత్రులు కొందరు అన్నారు కూడా. వీసాలూ లగేజీ బరువులూ సాహిత్యం ఎలా అవుతాయండీ, అవన్నీ ఇంటర్నెట్లో ఉన్నాయి కదా అని. నిజమే, నిబంధనలు ఇంటర్నెట్లోనే ఉన్నాయి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరునెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చని, పదిహేను రోజులకన్నా ఆలస్యం చేయకూడదని, కనీసం 30,000 యూరోల వైద్యబీమా చూపించాలని, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశం కాన్సులేటుకే వెళ్ళాలని అక్కడ రాసి ఉంటుంది. అది జాబితా. దాన్ని ఎత్తి వ్యాసంలో దింపమని నేనూ అనను.

కానీ ఆ జాబితా ఒక ఇంట్లోకి వచ్చినప్పుడు ఏమవుతుందో ఇంటర్నెట్ చెప్పదు. మన ఇళ్ళల్లో చాలావాటిలో పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళు, అమెరికా పాస్‌పోర్టువాళ్ళు. తల్లిదండ్రులది ఇండియా పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డో హెచ్‌వన్ వీసానో. చూడ్డానికి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలది విజిటర్ వీసా. రెండు దేశాల పాస్‌పోర్టులూ నీలంగానే ఉంటాయి గానీ, ఒకే భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న మూడు తరాలకూ మూడు రకాల నిబంధనలు. పిల్లలు టికెట్ కొనుక్కుని పారిస్‌లో దిగవచ్చు. తల్లిదండ్రులు ముందు కాన్సులేటులో వేలిముద్రలిచ్చి రావాలి. పెద్దవాళ్ళ సంగతి వేరే. మన ప్రవాస జీవితాన్ని ఇంతకన్నా సూటిగా చూపించే సన్నివేశం ఏ కథలో ఉంది? అది మన యాత్రావ్యాసాల్లో ఒక్క వాక్యంగా కూడా రాదు.

పెట్టె సంగతి కూడా అంతే. మనవాళ్ళ సూట్‌కేసు తెరిస్తే ఒక నవల ఉంటుంది. చపాతీలు, పులిహోర, కందిపొడి, ఆవకాయ. కందిపొడి పన్నెండు ఔన్సులు దాటితే, అది చేతిసంచిలో ఉంటే, ఇక్కడి విమానాశ్రయంలో విడిగా తీసి చూడవచ్చు. ఆవకాయ వాళ్ళ లెక్కలో ద్రవపదార్థమే. ఇక్కడినుంచి నెయ్యీ పాలకోవా యూరప్‌కి తీసుకెళ్ళడానికి వీల్లేదు, పాలతో చేసినవి వాళ్ళు రానివ్వరు. రైస్ కుక్కర్ది మరో కథ. ఇక్కడ కొన్నది 120 వోల్టులది, అక్కడ గోడలో ఉండేది 230. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టేజిని మార్చదు. ఈ సంగతి నాకు పారిస్ హోటలు గదిలో, కాలిన వాసనతో పాటు తెలిసింది. ఆ రాత్రి నలుగురం బ్రెడ్డులో ఆవకాయ పెట్టుకు తిన్నాం. పిల్లలు ఇప్పటికీ ఆ యాత్రలో చెప్పుకునేది ఆ భోజనం గురించే.

ఈ సర్దుడంతా ఎవరు చేస్తారో కూడా మనకు తెలుసు. వ్యాసం కింద పేరు సాధారణంగా భర్తది. వ్యాసం నిండా 'మేము'. ఆ 'మేము'లో నాలుగు రోజులు వంటింట్లో నిలబడి పొడులు కొట్టినవారి పని కలిసిపోయి కనిపించకుండా పోతుంది. టికెట్లు బుక్ చేసిన సంగతి ఎప్పుడైనా వస్తుందేమో గానీ, చపాతీలు వత్తిన సంగతి రాదు.

ఇంతవరకూ ఇతరుల వ్యాసాల గురించి మాట్లాడాను. న్యాయంగా నా వ్యాసం గురించి కూడా మాట్లాడాలి.

2007లో మేము పది రోజుల్లో నాలుగు దేశాలు చుట్టి వచ్చాం. వచ్చాక ఒక సంచికకు వ్యాసం రాశాను. పైన వర్ణించిన నమూనాకి అచ్చంగా సరిపోతుంది. చాలామంది మెచ్చుకున్నారు కూడా. అందులో నేను రాయనిది ఇది.

ఆ వేసవిలో మా అమ్మ మా దగ్గర ఉంది. ఆవిడ తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పింది. ఏటేటా పిల్లలకి రోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పి, బోర్డు మీద కొలోసియం బొమ్మ వేసేది. అమెరికాలో ఆవిడ ఏదీ చూడాలని అడగలేదు. మేం యూరప్ అనుకుంటున్నామని తెలిసి మాత్రం, "రోమ్ కూడా వెళతార్రా?" అంది. నేను ఉత్సాహంగా అయిదు టికెట్లు కొనేశాను. వీసా సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. కాన్సులేటుకి వెళితే, ఇక్కడ నివాసం లేని సందర్శకులు స్వదేశంలోనే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. ఆవిడ ఇండియాలో బయల్దేరక ముందే అక్కడ పెట్టి ఉంటే సరిపోయేది. ఏప్రిల్లో వచ్చింది, మా ప్రయాణం జూన్‌లో. వ్యవధి ఉంది. నాకే ఆ ఆలోచన రాలేదు. తప్పు కాన్సులేటుది కాదు, నాది.

ఆవిడ టికెట్టు రద్దు చేసి, స్నేహితుల ఇంట్లో ఉంచి మేం వెళ్ళాం. వెళ్ళేముందు రోజు రాత్రి పన్నెండు దాకా కూర్చుని మా చపాతీలు ఆవిడే చేసింది.

సంచిక వచ్చాక ఆవిడకి చదవమని ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. "కొలోసియం వెస్పేసియన్ మొదలుపెట్టాడు గానీ ప్రారంభోత్సవం టైటస్ చేశాడురా, క్రీ.శ. 80లో. నువ్వు తండ్రి పేరే రాశావు" అంది. దిద్దుకుంటానన్నాను. కాసేపాగి, "అందరం వెళ్ళాం అని రాశావేం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆవిడకి రోమ్ చూసే అవకాశం తర్వాత రాలేదు.

ఇది సానుభూతి కోసం చెప్పడంలేదు, విమర్శకు ఉదాహరణగా చెబుతున్నాను. నేను ఆ నిజం రాసి ఉంటే ఏమయ్యేది? మొదటిది, తెలిసిన వివరాలతో నిండిన వ్యాసంలో ఒక మనిషి ఉండేది. రెండోది, ఆ సంచిక చదివిన ఎవరో ఒకరు తమ అమ్మని ఇండియా నుంచి రప్పించేముందే అక్కడ వీసాకి పెట్టించి ఉండేవారు. వీరాస్వామయ్య గారు బావి గురించి రాసినట్టు, నేను ఆ కిటికీ గురించి రాయాల్సింది. మన యాత్రావ్యాసం అటు సాహిత్యంగానూ ఇటు ఉపయోగంగానూ ఒకేసారి ఓడిపోతున్నది ఇక్కడే. మన వైఫల్యాన్ని కొట్టేస్తే పాఠకుడికి అందాల్సిన సాయం కూడా దానితోపాటే పోతుంది.

సన్నాహం రాస్తే చూసిన స్థలాల వర్ణన కూడా బాగుపడుతుందని నా నమ్మకం. పది రోజుల్లో నాలుగు దేశాలన్నది ఒక ఏర్పాటే కాదు, ఒక అభిప్రాయం కూడా. ఎక్కువ పేర్లు చెప్పుకోవడమే యాత్ర అని ఆ పట్టిక అంటోంది. లూవ్ర్ మ్యూజియానికి గంటన్నర ఇచ్చుకున్నవాడు మోనాలిసా దగ్గర ఏం చూస్తాడు? ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దానిముందు ఎత్తిన చేతులూ ఫోన్లూ. నేను చూసింది నిజంగా నా ముందున్నాయన వీపు. అయినా నా వ్యాసంలో ఆ చిరునవ్వు రహస్యం గురించి ఒక పేరా రాశాను. గంటన్నరే ఉందని ముందు ఒప్పుకుని ఉంటే, ఆ వీపు గురించి రాయడానికి ధైర్యం వచ్చేది.

కాబట్టి రాసేవారికీ, సంపాదకులకూ నా మనవి. గోపురాల ఎత్తులు తగ్గించండి. ఆ చోటులో ఖర్చెంతయిందో, ఏ కాగితం దగ్గర ఆగారో, పెట్టెలో ఏం పట్టలేదో, ఎవరు ఇంటి దగ్గర ఉండిపోయారో ఒక పేజీ రాయండి. నిబంధనలు మారుతూనే ఉంటాయి. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ దేశాలు సరిహద్దు దగ్గర బయటివారి ఫొటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతిని దశలవారీగా మొదలుపెట్టాయి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన పిల్లలకూ అది వర్తిస్తుంది. ఆ వరసలో మొదటిసారి నిలబడిన తెలుగు కుటుంబం ఏమనుకుందో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

నా పాత వ్యాసం ఎవరైనా మళ్ళీ వేస్తామంటే ఒక షరతు మీద ఒప్పుకుంటాను. టైటస్ పేరు సరిచేసి, మొదటి పేరాలో విమానానికి బదులు మా వంటిల్లు పెడతాను. రాత్రి పన్నెండు గంటలు, పెనం మీద చపాతీ, పక్కన రద్దయిన అయిదో టికెట్టు.