రంగు కాదు, పువ్వు విప్పి చూడాలి

వరి గెట్టు మీద నీలంగా ఏ చిన్న పువ్వు కనిపించినా విష్ణుక్రాంత అనేసి దాటిపోతాం. నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల పొలాల్లోనూ అంతే, ఆర్మూర్‌కు పసుపు తోలే దారిలోనూ అంతే. కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే పసుపు ధర చెప్పని ప్రాంతం ఇది. పువ్వు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైరంగు చాలనుకుంటాం!

తేమ నేలల్లో, వరి మళ్ల అంచున జానెడు ఎత్తున పెరిగే లొబీలియా ఆల్సినాయిడిస్‌ను ఒకసారి చేతిలోకి తీసుకోండి. పువ్వు వేలి గోరంత కూడా ఉండదు. పదింతలు చూపే భూతద్దం కావాలి. ముందు పువ్వు వీపు చూడండి. రేకుల గొట్టం పైభాగాన మొదలుదాకా చీలి ఉంటుంది, ఎవరో బ్లేడుతో కోశారా అనిపించేటంత శుభ్రంగా. ఆ చీలికే లొబీలియా సంతకం. తర్వాత పెదవులు: పైన రెండు సన్నని రేకులు, కింద మూడు వెడల్పువి. నిజానికి ఈ పువ్వు తలకిందులుగా పూస్తుంది. మొగ్గ విచ్చేలోపే కాడ సగం చుట్టు తిరిగి, పైది కిందికి తెస్తుంది. మన పెరట్లో శంఖుపువ్వుదీ తలకిందుల పూతే, కానీ దాని కుటుంబం వేరు.

ఇక లోపల. అయిదు కేసరాల పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అతుక్కుని గొట్టం కడతాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. కింద నుంచి పెరిగే కీలం తన కొసనున్న వెంట్రుకలతో దాన్ని బయటికి నెడుతుంది. పుప్పొడి పోయాకే కీలాగ్రం రెండు పాయలుగా విచ్చుకుంటుంది. ఇంత పనితనం బియ్యపు గింజంత చోటులో! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

గంటపువ్వులు దీనికి దాయాదులే. రెండూ కాంపాన్యులేసీ కుటుంబం. కాడ తుంచితే పాలు, రేకుల కింద అండాశయం రెండింటికీ సామాన్యం. కానీ గంటపువ్వు రేకులు అయిదూ సమంగా ఉంటాయి, వీపున చీలిక ఉండదు. దక్షిణాది కొండల గడ్డి నేలల్లో దొరికే వాలెన్‌బెర్గియా అలాంటిదే. దాని తిత్తులు విడివిడిగా ఉంటాయి. అవి మొగ్గలోనే పుప్పొడిని కీలం మీద దులిపేసి వాడిపోతాయి. కాయ ఎండాక రక్షక పత్రాల నడుమ, పైకొసన పగులుతుంది. అసలు కాంపాన్యులా కాయలోనైతే పక్కల రంధ్రాలు పడతాయి.

విష్ణుక్రాంతకు ఇవేవీ లేవు. దాని అండాశయం రేకుల లోపల, పైన ఉంటుంది. రెండు కీలాలు, ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలుతుంది. పువ్వును నిలువుగా చీల్చితే అరనిమిషంలో తేలిపోయే తగువు ఇది.

ఈ విద్యకు మన నేల మీద గొప్ప వంశమే ఉంది. సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1780లలో మొక్కలు సేకరించి, దేశీ చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఎన్నో పటాల్లో పువ్వు భాగాలు విడివిడిగా విప్పి గీసినవి ఉంటాయి. ఆ చిత్రకారుల పేర్లు చాలావరకు మనకు దక్కలేదు, అదొక బాధ. 1859లో వాల్టర్ ఇలియట్ తెలుగు మొక్కల పేర్లన్నీ గుదిగుచ్చాడు. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలాన్ని రాశాడు గానీ నిజాం రాజ్యం ఆయన హద్దులో లేదు. మన జిల్లాకు ఆ లోటు తీర్చింది పుల్లయ్య, రవిప్రసాదరావు గార్ల నిజామాబాద్ వృక్షజాల గ్రంథం, 1995లో. నన్నడిగితే ఇంటికో ప్రతి ఉండాల్సిన పుస్తకం.

మరి ఇప్పుడు? ఫోన్ చూపిస్తే యాప్ పేరు చెబుతుంది, అదే ప్రమాణం! పైనుంచి తీసిన ఫొటోలో వీపు చీలిక ఎక్కడ కనబడుతుంది? కింద దాగిన అండాశయం ఎక్కడ కనబడుతుంది? తిత్తులు అతుక్కున్నాయో లేదో ఆ ఫోన్‌కేం తెలుసు? ఆ ఊహనే హెర్బేరియం షీటు మీద రాసి మార్కులు వేయించుకునే పిల్లల్ని, వేసే పంతుళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. డీఎన్ఏ పరీక్షలుండగా పూలు విప్పడమెందుకని పెదవి విరిచేవాళ్లు మరో రకం. ఏ మొక్కను పరీక్షకు పంపాలో తేల్చేది కన్నే కదా! నర్సరీ కుండీలో లొబీలియా అని అమ్మేది ఎక్కువగా దక్షిణాఫ్రికా మొక్క. మన గెట్టు మీదిదాన్నేమో గడ్డి మందు కొట్టి చంపుతున్నాం. బతుకమ్మకు గునుగు, తంగేడు ఏరే ఆడబిడ్డలకు ఉన్న పూల చూపులో సగమైనా బోటనీ చదివినవాళ్లకు లేకపోవడం సిగ్గుచేటు.

డిగ్రీ కాలేజీల బోటనీ పంతుళ్లకు నాదొక్కటే విన్నపం. ఈ వానాకాలం పిల్లల్ని వరి గెట్లకు తీసుకెళ్లండి. ఫోన్లు సంచిలో పెట్టించి, చేతికో భూతద్దం, ఓ గుండుసూది ఇవ్వండి. పేరు తర్వాత అడగండి, ముందు వీపు చీలిందా లేదా చెప్పమనండి.