ఎస్‌క్యూలైట్: పరీక్షే ప్రధానమైన పని

ఎస్‌క్యూలైట్ సమాచారమంతా ఒకే ఫైలులో దాచే చిన్న డేటాబేస్. ఆండ్రాయిడ్, ఐఫోన్, బ్రౌజర్లు అన్నిటిలోనూ ఉంటుంది. వాడేవారిలో చాలామందికి దాని పేరే తెలియదు. అమెరికాకు చెందిన డి. రిచర్డ్ హిప్ దీన్ని 2000లో విడుదల చేశారు. అంతకుముందు ఆయన యుద్ధనౌక కోసం రాస్తున్న ప్రోగ్రాం, డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా తానూ చేతులెత్తేసేది. సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఆలోచన అక్కడ పుట్టింది.

నేటికీ దీన్ని చూసుకునేది చిన్న బృందమే. వారి శ్రమలో సింహభాగం పరీక్షలదే: పరీక్షల కోడ్ అసలు కోడ్‌కు దాదాపు 590 రెట్లు. మెమరీ చాలనట్టు, డిస్క్ మొరాయించినట్టు, రాస్తుండగా కరెంటు పోయినట్టు పరిస్థితులను కృత్రిమంగా సృష్టించి, అప్పుడూ సమాచారం చెడలేదని చూస్తారు. బగ్ దొరికితే దాన్ని పట్టే కొత్త పరీక్ష రాశాకే దిద్దుబాటు పూర్తయినట్టు. విడుదలకు ముందు పైలట్ల మాదిరి చెక్‌లిస్టులో ఒక్కో అంశం సరిచూస్తారు. చాదస్తమే, కానీ ఫోన్‌లోని సందేశాలు భద్రంగా ఉండేది ఇలాంటి చాదస్తం వల్లే.

కోడ్‌పై హక్కులు వదులుకున్నారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మద్దతు సేవలు కొనుక్కునే సంస్థల నుంచి బృందానికి జీతాలు వస్తాయి. 2050 వరకు దీన్ని నిర్వహించాలన్నది వారు ప్రకటించిన సంకల్పం.