వార్తాశాల: ఒక మాట విచారణ

పత్రికలవారు పనిచేసే చోటును ఇంగ్లీషువారు న్యూస్‌రూమ్ అంటారు. ఆంధ్రదేశంలోని పత్రికలవారికి కూడ ఆ మాటే అలవాటైనది. వార్తాశాల అంటే మనకు అర్థం కాకపోదు. అయినను ఒక మాటను విడిచి మరొకటి పట్టుకొనేముందు రెండింటి పుట్టుపూర్వోత్తరాలు చూడవలెను.

మొదట న్యూస్‌రూమ్ అనగా వార్తలు వ్రాసే గది కాదు, చదివే గది. 1806లో మాంచెస్టరులో తెరచిన పోర్టికో గ్రంథాలయంలో అటువంటి గది ఉండేది. చందా కట్టగల వర్తకులు, వైద్యులు అక్కడ కూర్చుండి పత్రికలు చూచేవారు. వ్రాసేవారి గదికి ఆ పేరు తరువాత వచ్చినది. కూలివానికి అందులో చోటులేదు.

మన వార్త సంగతి వేరు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వార్త అనగా సేద్యము, పశుపోషణ, వాణిజ్యము. అంటే బ్రతుకుతెరువు. వృత్తి, వర్తకము అనే మాటలకు కూడ మూలం ఆ ధాతువే. కాలక్రమాన బ్రతుకు సంగతి చెప్పేదే వార్త అయినది. పత్రికా కార్యాలయం అన్నప్పుడు బల్లలు, దస్త్రాలు, అధికారి కనబడతారు. వార్తాశాల అన్నప్పుడు నేతశాల, పాఠశాల వలె పనిచేసే మనుషులు కనబడతారు. అందుచేత నాకు రెండవ మాటే మేలనిపిస్తున్నది.

ఈ అర్థానికి సాక్ష్యం మన నేటాలులోనే ఉన్నది. 1903లో డర్బనులో పుట్టిన ఇండియన్ ఒపీనియన్ పత్రికను గాంధీగారు 1904 చివర ఫీనిక్సు పొలానికి మార్చినారు. అక్కడ అచ్చుపనివారికి కొంత భూమి, నెలకు 3 పౌండ్ల జీతము. పొలం దున్నిన చేతులే అక్షరాలు కూర్చినవి. తొలిరాత్రి నూనె ఇంజను మొరాయించగా, నిద్రపోతున్న వడ్రంగులను లేపి, అందరూ కలిసి చక్రం త్రిప్పి పత్రిక అచ్చువేసినారు. సేద్యము, వార్త ఒకే కప్పు క్రిందికి వచ్చిన చోటు అది.

కాని మెచ్చుకొని ఊరకుండరాదు. ఆ పత్రిక ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో వెలువడినది. 1906లో హిందీ, తమిళ భాగాలు ఆగినవి. తగిన సంపాదకులు, అక్షరాలు కూర్చేవారు దొరకకపోవడం కారణము. తెలుగు భాగము మొదటినుండి లేనేలేదు. 1860నుండి ఓడలు దిగినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారికి పత్రమంటే వేలిముద్ర వేసిన గిర్మిటు కాగితమే. వారి బ్రతుకుతెరువు చెరకుతోటలో ఉన్నది, వారి మాట మాత్రం అచ్చుకెక్కలేదు. ఎంత మంచి శాల అయినా, ఎవరి భాషకు అక్షరపు పెట్టె ఉన్నది, ఎవరి భాషకు లేదు అని అడగవలసినదే.

కాబట్టి పేరు తెలుగు చేసినంత మాత్రాన పని తీరదు. ఈ పత్రికకు వ్రాసేవారు తగ్గుతున్నారు, చదివేవారు అంతకన్న త్వరగా తగ్గుతున్నారు. మొదట చదువరి గదికే ఆ పేరుండెనని మరువరాదు. అక్షరాలు రాని మనుమలకు ఇంట్లో ఒకరు ఈ పుటలు పైకి చదివి వినిపించండి. ఊరి సంగతి ఒకటి తెలుగులో వ్రాసి పంపండి. తప్పులుంటే దిద్దుకొందాము.