భేజ్జి అడవులు, రైలు పట్టాలు

మన దేశంలో రైలు మార్గాల చరిత్ర వ్రాసేవారు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు సాగిన బండితో ప్రారంభిస్తారు. దక్షిణాది రచయితలు 1856 నాటి రాయపురం–వాలాజా రోడ్డు మార్గాన్ని జోడిస్తారు. ఆపైన వంతెనలు, సుగమమైన తీర్థయాత్రలు, పెట్టెలో పక్కపక్కన కూర్చోక తప్పని కులాలు: ఇదే వరుస. పట్టాల క్రింది కొయ్య ఏ అడవి ఇచ్చిందన్న ప్రశ్న అరుదు. అది వేసినవారిలో కొందరు భేజ్జి పేరు చెబుతారు.

నేటి సుక్మా జిల్లాలో, కుంటకు చేరువనున్న ఈ గ్రామం ఒకనాడు బస్తరు సంస్థానానికి లోబడిన జమీందారీ. తెలుగు కలగలిసిన కోయ పలుకుబడి గల దోర్లాల సీమ. 1859లో హైదరాబాదు గుత్తేదారులు ఇక్కడి చెట్లను నరికిస్తుండగా భేజ్జి జమీందారు జుగ్గారాజు, పోతకేలుకు చెందిన నాగుల్ దోర్లా తదితరులు అడ్డుకున్నారు. ఒక్కో చెట్టుకు ఒక్కో తల తీస్తామని హెచ్చరించారని ప్రతీతి. చివరకు సిరోంచా అధికారి గ్లాస్‌ఫర్డ్ గుత్తను రద్దు చేశాడు. ఆ కాలపు గిరిజన పోరాటాలలో ఇటువంటి విజయం అపురూపం.

దీనిని రైలుపై తిరుగుబాటుగా చెప్పే ధోరణి మాత్రం నాకు తొందరపాటుగా తోస్తుంది. నాగపూరుకు రైలు చేరిందే 1867లో. దక్షిణ బస్తరు కలప శబరి మీదుగా గోదావరికి దిగేది. ఆ నది చివర కోరంగిలో ఓడలు కట్టేవారికీ, డెల్టా గృహస్థులకూ కొయ్య కావలసిందే. (గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర రైళ్ల కన్నా జలమార్గాలే మేలని వాదించినవాడు!) పైగా కథనాలన్నీ సాలవృక్షాన్నే పేర్కొంటాయి, ఈ దక్షిణ భాగం ప్రధానంగా టేకుకు ప్రసిద్ధి. సాల వనాల పెంపు మధ్య, ఉత్తర బస్తరులలో. తరువాతి తరాల జ్ఞాపకం ఒక చెట్టు స్థానంలో మరొకదాన్ని నిలిపి ఉండవచ్చు.

రైలు నీడ స్పష్టంగా కనిపించేది తరువాతి ఘట్టంలో. దుంగల కొరత భయమే ప్రధాన కారణంగా 1864లో అటవీ శాఖ ఏర్పడింది. 1865, 1878 చట్టాలు వచ్చాయి. బస్తరులో మూడింట రెండు వంతుల అడవిని రక్షితం చేయాలన్న 1905 నాటి ప్రతిపాదన, వెట్టి, పన్నులు కలిసి 1910లో గుండాధుర్ నాయకత్వాన భూంకాల్‌కు దారితీశాయి. అప్పటికి ప్రశ్న గుత్తేదారుది కాదు, ప్రభుత్వానిది. గుత్తేదారును ఒక అధికారి సంతకంతో పంపివేయవచ్చు. రిజర్వు హద్దురాయిని అలా పెరికించలేము. దస్త్రాల నడుమ జీవించే నాబోటి వానికి ఈ తేడా తెలియనిది కాదు.

జుగ్గారాజును రైలు చరిత్రకు అధస్సూచికగా కుదిస్తే, తన అడవిపై తనకు గల హక్కే చాలునన్న ఆయన వాదం మరుగున పడుతుంది. ఆయన రైలును చూడలేదు, చూడనవసరమూ లేదు.

బస్తరుకు రైలు 1960వ దశకంలో వచ్చింది. కొత్తవలస నుంచి కిరండూలు దాకా వేసిన ఆ మార్గం బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. భేజ్జి దాని దారిలో లేదు.