మూత విప్పితేనే వయసు తెలిసేది

రాజమండ్రిలో వాచీలు బాగుచేసే పాతకాలం మెకానిక్కులను చరిత్రకారులని ఎవరూ అనరు. అనాలి. పాత వాచీ ఇస్తే డయల్ అందం చూసి మురిసిపోరు. వెనక మూత విప్పి, కంటికి భూతద్దం బిగించి మిషన్ మీది అంకెలు చదువుతారు. హెచ్‌ఎంటీ జనతా, పైలట్‌లలో తరచూ కనిపించేది 0231, కీ ఇచ్చే 17 రాళ్ల మిషన్. మూత లోపల ఎప్పుడో ఎవరో మెకానిక్ సూదిమొనతో గీసుకున్న తేదీ కనిపిస్తే, అది ఎన్నేళ్ల కిందట సర్వీసుకు వచ్చిందో చెప్పేస్తారు. అత్తారు పెట్టిన వాచీ అసలు వయసు బయటపడేది అక్కడే!

1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల తయారీ ఇప్పుడు మునుపటి స్థాయిలో లేదు. అందుకే కొత్తగా రంగు వేసిన డయళ్లతో అతుకుల వాచీలు బజారుకొస్తున్నాయి. అక్షరాల అంచు అలుక్కుపోయి ఉంటే డయల్ మార్చినట్టే.

కారు పందేల క్రోనోగ్రాఫుల (స్టాప్‌వాచీ కలిసిన చేతి వాచీల) మీద పరిశోధించేవాళ్లదీ ఇదే విద్య. 1963 నాటి హోయర్ కరెరాలోనూ, రోలెక్స్ డేటోనాలోనూ వాల్జూ 72 వంశపు మిషనే. కాబట్టి మిషన్ ఒక్కటే చూస్తే చాలదు. సీరియల్ నంబరు, డయల్, ముళ్లు అన్నీ ఒకే కాలానివి కావాలి. నటుడు పాల్ న్యూమన్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు పలికింది.

మన జనతాకు ఆ ధర రాదు. అయినా తాతగారి వాచీ ఉంటే పాలిష్ పెట్టించకండి, డయల్ మార్పించకండి. ముందు మూత విప్పించి చూడండి.