మెరక మీద మొక్క

కృష్ణా డెల్టాలో కొత్తగా కూరగాయలు వేయాలనుకునేవాళ్లు విత్తనాల గురించి, ఎరువుల గురించి అడుగుతుంటారు. వాటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. వాన పడితే ఆ స్థలంలో నీరు ఎటు పోతుంది?

విజయవాడ సింగ్‌నగర్ వైపు మా వీధి చివర ఐదు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. యజమాని వేరే ఊళ్లో ఉంటారు. ఫోన్ చేసి అడిగితే, ఇల్లు మొదలుపెట్టేదాకా వాడుకోమన్నారు. సర్కారు తుమ్మ కొట్టించి, ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్లలూ ఏరేసి, నాలుగు కుటుంబాల వాళ్లం 2024 మృగశిర కార్తెలో పని మొదలుపెట్టాం. తలా ఒక సెంటు. మిగిలిన సెంటులో అందరికీ కలిపి పందిరి. మా అందరిలో సాగు తెలిసిన మనిషి పక్క వీధి బాబాయిగారొక్కరే. తోట్లవల్లూరు వైపు లంకల్లో కంద, పసుపు, అరటి పండించి, ఓపిక తగ్గాక కొడుకు దగ్గరికి వచ్చేశారాయన. మేం తెచ్చిన విత్తనాల పొట్లాలు పక్కన పెట్టించి, "ముందు మళ్లు ఎత్తు చేయండి నాయనా. నీళ్లు పెట్టడం ఎవరికైనా వస్తుంది, నీళ్లు తీసెయ్యడం రావాలి" అన్నారు.

జానెడు ఎత్తున మళ్లు పోశాం. మడికీ మడికీ మధ్య కాలువ తీసి, కాలువలన్నీ వీధి పల్లం వైపు కలిసేట్టు చేశాం. ఆరుద్రలో గట్టి వాన పడిన రోజున ఆ కాలువలెందుకో కళ్లారా చూశాం. పక్క స్థలంలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. మా బెండ మొక్కలు మాత్రం తలెత్తుకుని ఉన్నాయి.

ఇది వరి కోసం దిద్దిన నేల. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఈ ఊరి నడిబొడ్డు నుంచే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు బయల్దేరతాయి. నీరు నిలవడానికి వీలుగా తరతరాలుగా చదును చేసుకున్న పొలాలివి. వరి కాండంలో గాలి గొట్టాలుంటాయి. ఆకు పీల్చిన గాలిని అవి వేరుకు అందిస్తాయి కాబట్టి నీళ్లలో నిలబడ్డా వరికి ఊపిరి ఆడుతుంది. వంగకూ మిరపకూ ఆ ఏర్పాటు లేదు. వాటి వేళ్లు మట్టి సందుల్లోని గాలి మీదే బతకాలి. మన నల్లమట్టి తడిస్తే ఉబ్బి ఆ సందుల్ని మూసేస్తుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంటే తడిలోనే మొక్క వాడిపోతుంది. వాడిందని ఇంకా నీళ్లు పోస్తే చచ్చిపోతుంది. డెల్టా రైతు కందినీ బెండనూ గోగునూ పొలం గట్ల మీద వేసుకోవడం, కూరగాయల సాగు లంకల్నీ ఏటి ఒడ్డు మెరకల్నీ వెతుక్కోవడం ఇందుకే.

మా మొదటి పంట వినాయక చవితి దాకా కూడా నిలవలేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీదికి వచ్చింది. కొల్లేరుకు పోయే ఏరు అది. దాని మళ్లింపు కాలువకు గండ్లు పడి ఊళ్లో పారింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. ఆ బ్యారేజీ అంతకుముందెన్నడూ అంత వరద చూడలేదు. దిగువ లంకల్లో అరటి, పసుపు, కంద, కూరగాయలు మునిగాయి. వంట సామాన్లు, పుస్తకాలు, పరుపులు పోగొట్టుకున్న వీధిలో బెండ మొక్కల గురించి బాధపడటం ఎవరికీ గుర్తు రాలేదు. వానకు పనికొచ్చిన ఎత్తు మడి ఏరుకు పనికిరాలేదు.

నీరు తీశాక నేల మీద బురద పొర బిగిసింది. అందులో వీధి కాలువల మురుగూ ఉంది. ఆ మట్టిలో వెంటనే ఆకుకూరలు చల్లడం మంచిది కాదని అందరం ఒక మాట అనుకుని జీలుగు చల్లాం. ఉరకను తట్టుకునే పైరు అది. వేరు బుడిపెల్లో నత్రజనిని పోగుచేస్తుంది. డెల్టా రైతు వరి నాటే ముందు దాన్ని దున్ని దమ్ములో కలిపేస్తాడు. మేం పూతకు రాకముందే కోసి, ముక్కలు చేసి, పారలతో మళ్లలో కలిపాం. కార్తికం చివరికల్లా మట్టి చేతికి వదులుగా వచ్చింది. నల్లమట్టి పదును మీద ఉండేది రెండు మూడు రోజులే. అంతకుముందైతే పారకు అంటుకుంటుంది, దాటితే రాయవుతుంది. ఆ రోజుల్లో మిగతా పనులు ఆగినా సరే, మట్టి పని ఆగకూడదు.

చిక్కుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఆ పాదు మీద నాకున్న ఇష్టం అలాంటిది. పగలు పొట్టిబారితే తప్ప మన పందిరి చిక్కుడు పూత పెట్టదు. విజయవాడలో జ్యేష్ఠ మాసపు పగటికీ మార్గశిర మాసపు పగటికీ దాదాపు రెండు గంటల తేడా ఉంటుంది. చిక్కుడు ఆ తేడాను పట్టుకుని కూర్చుంటుంది. జూన్‌లో పెట్టిన గింజ నాలుగైదు నెలలు ఆకు మీద ఆకు వేస్తూ పందిరంతా కమ్మేస్తుంది, పువ్వు మాత్రం కనిపించదు. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి యూరియా వేస్తారు. దాంతో ఇంకా ఆకు పెరుగుతుంది, పేనుబంక పడుతుంది. ఓపిక పట్టడమే మందు. వరద పోయాక అక్టోబర్‌లో గోడ పక్కన మళ్లీ పెట్టిన గింజలు మనిషెత్తు ఎదిగీ ఎదగకముందే డిసెంబర్‌లో పూశాయి. ఆలస్యంగా పెట్టినా వేళకే పూశాయన్నమాట. సంక్రాంతికి కూర, 2025 ఫిబ్రవరి 4న రథసప్తమికి రథం, రెండూ ఆ పాదువే. చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారాన్ని పెట్టినవాళ్లు ఈ తీగ లెక్కను ఎంత దగ్గరగా చూసి ఉంటారో అనిపించింది.

వంగ అంత మంచిది కాదు. అంటే మొక్క మంచిదే, దాని వెంట వచ్చే పురుగుతోనే గొడవ. చిగురు ఒక పక్కకు వాలిందంటే లోపల లేత గులాబీ రంగు పురుగు తొలుస్తోందని అర్థం. వాలిన చోటుకు కాస్త కిందికి తుంచి, ఆ తుంచిన దాన్ని నలిపెయ్యాలి. కాయలు మొదలయ్యాక అదే పురుగు కాయలోకి దూరుతుంది, అప్పుడిక పైనుంచి ఏ మందు కొట్టినా దానికి తగలదు. ఈ ఒక్క పురుగు కోసమే బీటీ వంకాయను తయారుచేశారు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపింది, బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. ఆ వాదన పెద్దవాళ్లు తేల్చనీ. సెంటు భూమిలో అయితే రోజూ పొద్దున్నే మొక్కల మధ్య ఓసారి తిరిగి వాలిన చిగుళ్లు తుంచితే చాలా మటుకు సరిపోతుంది. ఎకరాల్లో పండించే రైతుకు ఆ వీలు లేదు. బజారులో పుచ్చు లేని వంకాయ ఏరుకునే మనం, దాని కోసం ఆయన ఎన్నిసార్లు మందు కొట్టాల్సి వచ్చిందో ఒక్కసారైనా తలుచుకోవాలి.

టమాటా సంగతి చిన్నదే. రాత్రి చల్లబడితేనే పిందె నిలుస్తుంది. అందుకే మనకది శీతాకాలపు పంట. ఎండాకాలంలో సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె వైపు చూడక తప్పదు. బెండ మాత్రం ఎండకు జంకదు. దానికి తెల్లదోమతోనే భయం. అది మోసుకొచ్చే పల్లాకు తెగులు తగిలిన మొక్కను జాలిపడకుండా పీకెయ్యాలి.

ఇదంతా ఐదు సెంట్ల సంగతి. కృష్ణకు అవతల ఉండవల్లి, పెనుమాకల్లో జరీబు భూములున్నాయి. కొద్ది అడుగుల లోతులోనే నీరు, ఏడాది పొడుగునా పంట. కూరగాయలు, పూలు, అరటి. రాజధాని భూసమీకరణలో ప్రభుత్వమే జరీబుకు మెట్ట కన్నా ఎక్కువ కట్టింది. మొదటి ఏడు ఎకరాకు మెట్టకు 30 వేల కౌలు అయితే జరీబుకు 50 వేలు. అయినా ఆ ఊళ్లలో చాలామంది రైతులు భూమి ఇవ్వబోమన్నారు. పార పట్టుకోక ముందు నాకది పేపర్లో చదివిన వార్త. మా మట్టిని ఆ మాత్రం వదులు చేయడానికి ఎంత పని పట్టిందో చూశాక, ఒక తరం పైగా కూరగాయలకు అలవాటుపడిన నేలను వదులుకోవడమంటే ఏమిటో తెలిసింది. ఊరికి ఆనుకుని ఉన్న అలాంటి నేల పోతే దాన్ని మళ్లీ తయారుచేయడం ఎవరి వల్లా కాదు.

ఇంగ్లండ్‌లో 1908లో ఒక చట్టం చేశారు. ఊళ్లో జనం సాగుకు చిన్న మళ్లు అడిగితే స్థానిక సంస్థ చూపించి తీరాలి. అక్కడి ఒక మడి పాత కొలత మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. కొద్దిపాటి అద్దె కట్టి ఎవరైనా పండించుకోవచ్చు, ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. మనకు అంత పెద్ద ఏర్పాటు ఇప్పుడే కుదరకపోవచ్చు. కానీ విజయవాడ కాలనీల్లో తుమ్మకూ చెత్తకూ దోమలకూ వదిలేసిన స్థలాలు వీధికొకటి ఉన్నాయి. వాటి మీద యజమానులు ఖాళీ స్థలాల పన్ను కడుతున్నారు. ఇరుగుపొరుగుకు కూరగాయలు వేసుకోనిచ్చిన యజమానికి ఆ పన్నులో కొంత తగ్గిస్తే కార్పొరేషన్‌కు పోయేది తక్కువ. వీధికి ఒరిగేది ఎక్కువ. కౌలు హక్కు పుడుతుందేమోనని యజమానులు భయపడకుండా, ఏడాదికోసారి రాసుకునే ఒక్క పేజీ ఒప్పందం నమూనాను కూడా కార్పొరేషనే ఇవ్వవచ్చు. నగర పాలకులు ఈ రెండింటినీ పరిశీలించాలని కోరుతున్నాను.

అంతదాకా ఆగనక్కర్లేదు. మీ వీధి చివరి స్థలం ఎవరిదో కనుక్కోండి, ఫోన్ చేసి అడగండి. వానలు తగ్గుముఖం పట్టాక స్వాతి కార్తె దాటనిచ్చి మొదలుపెట్టండి. తొలి ఏడు తోటకూర, పాలకూర, గోంగూర, గోడ పక్కన ఒక చిక్కుడు పాదు చాలు. మళ్లు మాత్రం జానెడు ఎత్తు తగ్గనివ్వకండి.